అలసిన గుండెకు కొరడా దెబ్బలా?

గుండె బలహీనపడితే దానికి ‘బలం మందు’ ఇవ్వాలన్న నమ్మకం మన సమాజంలో లోతుగా పాతుకుపోయింది. వైద్యులు బీటా బ్లాకర్లు రాసిస్తే, “అసలే నీరసించిన గుండెను ఇంకా నెమ్మదింపజేస్తారా?” అంటూ కొందరు వాటిని మానివేసి టానిక్కులను ఆశ్రయిస్తారు. వినడానికి సబబుగా ఉన్న ఈ వాదన తప్పు, ప్రాణాంతకం కూడా.

గుండె కండర కణానికి సంకోచించమని చెప్పే సంకేతం కాల్షియం. విద్యుత్ ప్రేరణతో కొద్దిపాటి కాల్షియం కణంలో ప్రవేశించి, లోపలి సార్కోప్లాస్మిక్ రెటిక్యులంలో నిల్వ ఉన్న కాల్షియాన్ని వెలికి రప్పిస్తుంది. అప్పుడు కండర తంతువులు ముడుచుకుంటాయి. మళ్ళీ సడలాలంటే ఆ కాల్షియాన్ని వెనుకకు తోడిపోయాలి. దానికి ఏటీపీ ఖర్చవుతుంది. అంటే గుండెకు సంకోచానికే కాక, సడలడానికీ శక్తి అవసరమే. ఏటీపీ నిల్వ కొన్ని సెకన్లకు మించి రాదు. అందుకే కణంలో సుమారు మూడోవంతు స్థలాన్ని ఆక్రమించిన మైటోకాండ్రియాలు దానిని నిరంతరం తయారుచేస్తుంటాయి. మితంగా వాటిలో చేరిన కాల్షియం ఉత్పత్తిని పెంచుతుంది. మితిమీరితే వాటినే ధ్వంసం చేసి కణాన్ని చంపుతుంది.

బలం మందుల వాదన ఏనాడో పరీక్షకు నిలిచి ఓడిపోయింది. కణంలో కాల్షియం రాకపోకలను హెచ్చించి గుండెను గట్టిగా కొట్టించే మిల్రినోన్ మాత్రలను తీవ్ర హృదయ వైఫల్యం గల 1,088 మందిపై జరిపిన అధ్యయనంలో పరీక్షించారు. మందు వాడినవారిలో మరణాలు 28 శాతం పెరిగాయని 1991లో వెల్లడైంది. స్వీడన్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం 1975లోనే బీటా బ్లాకర్ల మేలును చూపినా, వైద్యలోకం చాలాకాలం శంకించింది. 1999లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలలో బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ మరణాలను 34 శాతం చొప్పున తగ్గించాయి.

“మరి ఆసుపత్రిలో గుండెకు బలమిచ్చే ఇంజెక్షన్లు వాడరా?” అనవచ్చు. వాడతారు, ఆపదను గట్టెక్కించడానికి, కొద్దికాలం, నిశిత పర్యవేక్షణలో. అది నిత్యచికిత్సకు ఒరవడి కాదు. ఇక ఎముకలకు వాడే కాల్షియం మాత్రలు గుండెకు బలమిస్తాయనుకోవడం భ్రమ. రక్తంలో కాల్షియం పాళ్ళను పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి అదుపులో ఉంచుతాయి.

సంకోచశక్తి తగ్గిన గుండెకు బీటా బ్లాకరును స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. తొలివారాలలో నీరసం కలిగితే వైద్యునికి చెప్పండి. మీ అంతట మీరు హఠాత్తుగా మానకండి. అలసిన ఎద్దుకు కావలసింది ములుగర్ర పోటు కాదు, బరువు తగ్గించడం.