ఆకాశరామన్నకు తాళపుచెవి

ఆకాశరామన్న పేరు వినని తెలుగువాడు లేడు. పైఅధికారికి సంతకము లేని ఉత్తరము చేరినదన్నచో అది ఆయన వ్రాసినదే. మా ఉర్దూ విభాగపు మిత్రులు దానిని గుమ్‌నామ్ ఖత్ అందురు. ఉత్తరముల కాలము గడచినది గాని ఆకాశరామన్నకు పని తగ్గలేదు. నేడాయన సంస్థల అంతర్గత వెబ్‌సైట్లలో కాపురము పెట్టినాడు. అక్కడ వ్రాయుటతో ఊరకుండక, దొరికిన దస్త్రమునెల్ల తెరచి చూచుచున్నాడు. సందు దొరికినచో దిద్దుచున్నాడు కూడ. ఆయనను ఎంతవరకు రానీయవలెను, పేరు చెప్పి వచ్చినవారికైనను ఏ గది తాళపుచెవి ఈయవలెను అనునదే మేమిక్కడ విచారింపదలచిన విషయము.

ఇది కంప్యూటరు నిపుణుల గొడవ, మనకేల అని విద్యార్థి మిత్రులు పుట త్రిప్పవలదు. మీలో పెక్కుమంది రెండు మూడేండ్లలో ఏదో ఒక సంస్థలో చేరుదురు. చేరిన కొలది దినములకే మీ జీతపు చీటీ, సెలవు దరఖాస్తు, ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా సంఖ్య ఆ సంస్థ అంతర్గత వెబ్‌సైటులో చేరును. వానిని ఎవరెవరు చూడవచ్చునో నిర్ణయించువాడు ఒకడుండును. అతడు మూలగదిలో కూర్చున్న చిన్న ఉద్యోగి కావచ్చును. రేపు ఆ కుర్చీలో మీలో ఒకరే కూర్చుండవచ్చును.

మొదట ఒక చిక్కు విప్పవలెను. "నీవెవరు?" అనునది ఒక ప్రశ్న, "నీవేమి చేయవచ్చును?" అనునది వేరొక ప్రశ్న. పరీక్షకు వచ్చిన విద్యార్థి హాల్ టికెట్టు చూపి లోనికి పోవును. అది అతడెవరో చెప్పును గాని ప్రశ్నపత్రముల కట్ట విప్పుటకు అధికారమీయదు. ఈ తేడా పరీక్ష హాలులో అందరికిని తెలియును. వెబ్‌సైటు దగ్గర మాత్రము, లాగిన్ అయినాడు గదా ఇక అన్నియు చూచుకొననిండు అనువారే ఎక్కువ.

పేరు అడుగని చోట కూడ యంత్రమునకు ఏదో ఒక పేరు కావలెను. మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ అను వెబ్ సర్వరులో అనామక ప్రవేశమును అనుమతించినచో, మార్పేమియు చేయనంతవరకు, వచ్చిన ప్రతివానిని ఐయూఎస్ఆర్ అను ఒకే ఖాతా పేర అది లోనికి పంపును. నూరుమంది వచ్చినను నూరుమందియు ఆ ఒక్క చొక్కాయే తొడిగికొందురన్నమాట. ఆ ఖాతాకు ఒక ఫోల్డరులో వ్రాత హక్కు ఇచ్చితిమా, ఊరందరికిని ఇచ్చినట్లే. మరునాడు ఒక పుట చెడినదని సర్వరు చిట్టా తిరుగవేసినచో, వాడుకరి పేరుండవలసిన చోట ఒక చిన్న అడ్డగీత కనబడును. ఏ కంప్యూటరునుండి వచ్చినదో అంకెలలో తెలియవచ్చును. కాని మూడు షిఫ్టులవారు వంతులవారీగా కూర్చుండు కంప్యూటరైనచో ఎవరిని అడుగుదుము? నేరము చేయని ఇద్దరును అనుమానితులగుదురు. అనామకత్వము దోషిని దాచుటయే గాక నిర్దోషికి తన నిర్దోషిత్వమును నిరూపించుకొను దారి కూడ మూసివేయుననుట చాలమందికి తట్టని సంగతి.

అట్లని పేరు లేనివానికి తలుపులన్నియు మూయవలెనని మేమనము. కర్మాగారములో యంత్రము నడుపు కార్మికునికి తరచుగా లాగిన్ ఉండదు. అగ్నిప్రమాదమైనప్పుడు ఏ ద్వారమున పోవలెనో, వైద్యుని ఫోను నంబరేదో, పండుగ సెలవులెన్నడో, క్యాంటీనులో నేడేమి వండినారో చదువుటకు అతనిని పాస్‌వర్డు అడుగుట అవివేకము. చదువుటకు కొన్ని పుటలు అనామకముగా ఉండవచ్చును. వ్రాయుటకు మాత్రము, ఒక్కదానిని మినహాయించి, పేరు లేనిదే కుదరదు. ఆ ఒక్కటి ఏదో ముందు చెప్పుదుము.

షేర్‌పాయింట్‌ను తమ సొంత సర్వరుపై నడుపుకొను సంస్థలలో అనామకుడు రెండు గడపలు దాటవలెను. సర్వరు నిర్వాహకుడు మొదటి గడప తెరచిన పిదప, సైటు యజమాని మూడింటిలో ఒకటి ఎంచుకొనవలెను: మొత్తము సైటు తెరచుట, కొన్ని జాబితాలను పత్రముల అరలను మాత్రమే తెరచుట, ఏమియు తెరువకుండుట. తొందరలో ఉన్నవాడు మొదటిదే నొక్కును. పని జరిగినది, ఫోనులు ఆగినవి, అందరును సంతోషించినారు. ఆపైన ఫోల్డరుకున్న అనుమతి దానిలోని ఫోల్డరుకు వారసత్వముగా సంక్రమించుట ఆ ఏర్పాటులోని సహజ ధర్మము. ఆరు నెలల తరువాత ఎవరో గుమాస్తా పాపము తెలియక జీతముల పట్టికను తెచ్చి సెలవుల జాబితా ప్రక్కన పెట్టును. ఆ పట్టికకు తాళమెవరును తీయలేదు. తాళము లేని ఇంట దానిని పెట్టినారు.

1975లో అమెరికాలో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసము ఈ విద్యకు నేటికిని మూలస్తంభము. అనుమతి స్పష్టముగా ఇచ్చినంతవరకు లేనట్లే భావింపవలెననియు, ఎవరికైనను తమ పనికి చాలినంత హక్కు మాత్రమే ఉండవలెననియు వారు చెప్పినారు. ఏబదియేండ్లు దాటినవి. మన కచేరీలకు ఇందులో మొదటిది కొంత ఎక్కినది గాని రెండవది ఎక్కలేదు. కారణము స్పష్టము: మనము అనుమతిని పనిముట్టుగా గాక పదవీగౌరవముగా చూచుచున్నాము. జనరల్ మేనేజరుగారికి అన్ని అరల తాళపుచెవులు ఉండవలెను, లేనిచో చిన్నతనము! ఆయన వాని నెన్నడును వాడరు. ఆయన పాస్‌వర్డు ఆయన సహాయకునికి తెలియును, సహాయకుడు సెలవు పెట్టిననాడు మరొకనికి తెలియును. చివరకు సంస్థలోకెల్ల పెద్ద తాళపుచెవి సంస్థలోకెల్ల చిన్న ఉద్యోగి చేతిలో తేలును. పెద్దల పేరున జరిగినది కనుక చిట్టాలో పెద్దల పేరే ఉండును. ఇదియు ఆకాశరామన్న అవతారమే, కాకున్న సంతకము మాత్రము పెద్దవారిది.

బదిలీల మాట చెప్పనే అక్కరలేదు. లెక్కల విభాగమునుండి కొనుగోళ్ల విభాగమునకు పోయినవానికి క్రొత్త హక్కులు ఆనాడే వచ్చును. పాతవి తీసివేయుట ఎవరికిని జ్ఞాపకముండదు. కొన్నాళ్లకు బిల్లు పెట్టు చేయియు, మంజూరు చేయు చేయియు ఒక్కటే యగును. అతడు సజ్జనుడే కావచ్చును. అయినను, సజ్జనుని అట్టి స్థితిలో నిలుపుట అతనికి మేలు చేయుట కాదు. హక్కులను మనిషికి గాక పనికి కట్టి, ఆ పనివారి గ్రూపులో అతని పేరు చేర్చినచో, బదిలీనాడు ఒక్క పేరు కొట్టివేసిన చాలును. ఈ పద్ధతిని 1992లో డేవిడ్ ఫెరయోలో, రిచర్డ్ కూన్ శాస్త్రీయముగా నిర్వచించినారు.

ఇక మేము మినహాయించిన ఆ ఒక్కటి ఫిర్యాదు. బలవంతుని మీద బలహీనుడు చెప్పుకొనవలసి వచ్చినప్పుడు పేరు ఇమ్మని పట్టుబట్టుట, నోరు మూయుమనుటతో సమానము. కాని ఇక్కడను ఒక భేదము గమనింపవలెను. గోప్యము వేరు, అనామకము వేరు. పనిచేయు చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 నాటి చట్టములో ఫిర్యాదు లిఖితపూర్వకముగా అంతర్గత కమిటీకి ఇచ్చుకొందురు. కమిటీకి ఆమె ఎవరో తెలియును. కాని ఆమె గుర్తింపును బయటకు వెల్లడింపరాదని అదే చట్టము శాసించుచున్నది. ఇది గోప్యము. విచారణ సాగవలెనన్న ఇదియే మేలైన దారి. భయముచే అంతవరకు రాలేనివారికి అనామకపు పెట్టె ఒకటి వేరుగా ఉండవలెను, అది నిజముగా అనామకమై యుండవలెను. కొన్ని సంస్థలు "పేరు చెప్పనక్కరలేదు, మనసు విప్పి వ్రాయుడు" అని ఉద్యోగులను పిలిచి, లాగిన్ అయినగాని ఆ పుట తెరువనీయవు. ఎవరేమి వ్రాసినారో చిట్టాలో చేరుచునే యుండును. పాస్‌వర్డు దొంగిలించినవానికంటె ఇట్టి ఆహ్వానము పంపినవారినే మేము ఎక్కువ తప్పుపట్టుదుము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. సంస్థలకు చెప్పినదంతయు విద్యాలయములకును వర్తించును. మార్కుల పట్టికలు, ఉపకారవేతనముల జాబితాలు, ఆధార్ సంఖ్యలు, తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రములు నేడు కంప్యూటరులోనే యున్నవి. వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చేసిన చట్టము తగిన భద్రతాచర్యలు తీసికొననివారికి 250 కోట్ల రూపాయలవరకు జరిమానా నిర్ణయించినది. మేము ఆ జరిమానా చూపి బెదరించుటలేదు. ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టుకొన్న బాలిక తన తండ్రి ఆదాయము తోటి విద్యార్థినుల నోట వినకూడదని మాత్రమే మా కోరిక. అందుచేత కార్యాలయమంతటికి ఒకే లాగిన్ ఉండరాదు. ప్రతి గుమాస్తాకును తన పేర వేరు ఖాతా ఉండవలెను. విద్యార్థులకు తమ పుట తప్ప తోటివారి పుట తెరువరాదు. విద్యా సంవత్సరము ముగియు వారములో ఎవరెవరికి ఏ హక్కులున్నవో ఆ జాబితా కమిటీ ఎదుట బిగ్గరగా చదువవలెను. చదువు ముగించి వెళ్లు విద్యార్థి పేరును, అతనికి బదిలీ పత్రమిచ్చిననాడే, ఆ జాబితానుండి తీసివేయవలెను.