ఆన్ ఫ్రాంక్ డైరీ మన పిల్లలకు పరాయిదా?

సీబీఎస్ఈ పదవ తరగతి ఆంగ్ల వాచకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి ఒక భాగం పాఠంగా ఉంది. మంచిర్యాలలో మన పిల్లలు కూడా దానిని చదువుతున్నారు. అయితే ఆ భాగం ఆమె అజ్ఞాతవాసానికి పూర్వపుది. తరగతిలో మాటలు మానని బాలికచేత లెక్కల మాస్టారు శిక్షగా వ్యాసాలు రాయించిన ఉదంతమే అందులో ప్రధానం. గైడులోని జవాబులు కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కిన విద్యార్థికి, ఆ వాగుడుకాయ పదిహేనేళ్లకే బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో ఎందుకు మరణించిందో తెలియదు. దీనిని చదువు అనగలమా?

మనవారిలో కొందరిది మరో అభ్యంతరం. పాలస్తీనాలో పసిపిల్లలు నేలకొరుగుతుంటే యూదు బాలిక కథ మనకెందుకని వారంటున్నారు. ఆవేదన న్యాయమైనదే, వాదన నిలబడదు. 1945లో మరణించిన బాలిక, 1948లో ఏర్పడిన రాజ్యం చేసే పనులకు ఎలా బాధ్యురాలవుతుంది? ఎవరో చేసిన నేరానికి సమాజం మొత్తాన్ని బోనెక్కించడమే కదా మనం నిత్యం ఎదుర్కొంటున్న అన్యాయం! అదే తూకంరాయి మనమూ వాడవచ్చునా? ఆమె మరణాన్ని చూపి గాజా దారుణాలను సమర్థించేవారికీ ఆ డైరీపై హక్కు లేదు.

అల్బేనియా ముస్లింలు యూదు కుటుంబాలను తమ ఇళ్లలో దాచి కాపాడారు. టిప్పు సుల్తాన్ వంశీయురాలు నూర్ ఇనాయత్ ఖాన్, ఫ్రాన్సులో నాజీలకు వ్యతిరేకంగా రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసి, 1944 సెప్టెంబరు 13న డాకౌ శిబిరంలో ప్రాణాలర్పించారు. ఈ చరిత్ర మన పిల్లలకు ఎవరు చెప్పాలి?

దశాబ్దాలు దస్త్రాల నడుమ గడిపిన గుమాస్తాను కనుక ఒక విషయం నొక్కి చెబుతాను. ఆ మారణకాండకు ముందు కాగితాలు కదిలాయి. 1933లో దుకాణాల బహిష్కరణ, 1935లో పౌరసత్వ హక్కులను హరించిన న్యూరెంబర్గ్ చట్టాలు, 1941లో ఆక్రమిత నెదర్లాండ్స్‌లో యూదులు పేర్లు నమోదు చేసుకోవాలన్న ఉత్తర్వు, ఆపై గుర్తింపు కార్డులపై ప్రత్యేక ముద్ర. పేర్లు రాసిందీ, ముద్ర వేసిందీ నావంటి చిరుద్యోగులే. అక్కడి సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా హతులయ్యారు. ఆన్ కుటుంబానికి రెండేళ్లపాటు ప్రాణాలకు తెగించి ఆహారం అందించి, చెల్లాచెదురైన డైరీ కాగితాలను భద్రపరచిన మీప్ గీస్ కూడా ఒక కార్యాలయ ఉద్యోగినియే. ఆనాటి జర్మనీ, నేటి భారతదేశం ఒకటేనని నేననను. కానీ పౌరసత్వ పత్రాల భయంతో ఎన్నో ఇళ్లు నిద్ర కాచిన దేశంలో ఈ రెండు రకాల ఉద్యోగుల తేడా పిల్లలకు తెలియాలి.

ఆ చర్చ మన నేలకూ రావాలి. 1948 పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరువాతా హైదరాబాద్ సంస్థానంలో 27,000 నుంచి 40,000 మంది మరణించారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. రజాకార్ల దౌర్జన్యాలకు బలైన కుటుంబాల గోడూ అంతే నిజం. రెండు వైపులా వృద్ధుల జ్ఞాపకాలు సమాధుల్లో కలిసిపోతున్నాయి.

కనుక ఉపాధ్యాయులు ఈ పాఠానికి అదనంగా రెండు పీరియడ్లు కేటాయించి, అజ్ఞాతవాస కాలపు పుటలు చదివించి, పిల్లలచేత మాట్లాడించాలి. మస్జిద్ కమిటీలు ఆ డైరీని గ్రంథాలయాల్లో ఉంచాలి. తల్లిదండ్రులు మార్కులు అడిగే ముందు, పిల్లలను తాతమ్మల దగ్గర కూర్చోబెట్టి వారి మాటలు రాయించాలి. రాసుకోని జాతి చరిత్రను ఇతరులు తమకు నచ్చినట్లు రాస్తారు.