పొగకూ బదిలీ ఉంటుంది

బదిలీ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరు మారుతుంది, బడి మారుతుంది, ఇంట్లో మనుషుల లెక్క మాత్రం మారదు. ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కూ ఇలాంటి బదిలీలు ఉన్నాయి. కంటికి కనిపించని ఆ వాయువును మాటవరసకు పొగ అందాం.

ఉక్కునే తీసుకుందాం. ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసేది ఈ కోక్‌లోని కార్బనే. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది.

ఈ లెక్కను మూడు పద్దుల్లో రాస్తారు. ఫ్యాక్టరీలో వెలువడేది మొదటిది. కొన్న కరెంటు కోసం విద్యుత్ కేంద్రంలో వెలువడేది రెండోది. ముడిసరుకు, రవాణా వంటివి మూడోది. ఒక ఫ్యాక్టరీ తన కోక్ బట్టీలు మూసేసి, కోక్‌ను బయట కొంటోందనుకుందాం. మొదటి పద్దు తగ్గుతుంది. గాలిలో చేరే పొగ మాత్రం తగ్గదు. దానికి బదిలీ అయింది, అంతే!

2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉంటేనే ఆ పేరు; 1.6 లోపైతే ఐదు నక్షత్రాలు. బయట కొన్న కోక్‌నూ లెక్కలో చేర్చాలన్నారు. మంచి నియమం. కానీ గనుల తవ్వకం, రవాణా ఇందులోకి రావు. రైల్వే కాలనీల పక్కన ఖనిజం గూడ్సు బళ్ళను లెక్కపెడుతూ పెరిగిన వాళ్ళం మనలో చాలామందిమి. వాటినీ చేర్చాలని మనం కోరాలి. కష్టం అంటారేమో. సరుకు బరువు, దూరం చూసే కదా రైలు కిరాయి కట్టేది!

నిజంగా తగ్గించే దారులూ ఉన్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్ళు చల్లకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో కరెంటు పుట్టిస్తారు. పాత ఇనుప తుక్కును విద్యుత్ కొలిమిలో కరిగిస్తే ఖనిజంతోనూ కోక్‌తోనూ పనే తక్కువ.

అందుకే పిల్లలూ, ఏ ఊళ్ళోనైనా ఒక ఫ్యాక్టరీ గోడ మీద "కార్బన్ తగ్గించాం" అని కనిపిస్తే సంతోషిద్దాం. ఎంత తగ్గిందని అడుగుదాం. ఆ వెంటనే, తగ్గింది ఎక్కడికి పోయిందని కూడా అడుగుదాం.