‘నేను ఎక్కను’ అంటే పిరికితనమా?

సంక్రాంతి సెలవులకి మా చెల్లెలి పిల్లలు వచ్చారు. కనుమ నాడు మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తెద్దామని డాబా ఎక్కాను. మావాడు పిట్టగోడ మీద నడుస్తున్నాడు. చెల్లెలి కొడుకు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. అరిస్తే ఎక్కడ ఉలిక్కిపడతాడోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. వాడు కిందికి దూకాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత వీపు విమానం మోత మోగిందని మీకు వేరే చెప్పాలా!

"ఫియర్ ఫ్యాక్టర్ మళ్ళీ వచ్చిందమ్మా. అందులో ఇంతకన్నా పెద్దవి చేస్తారు" అన్నాడు ఏడుస్తూనే.

ఈ షో అమెరికాలో 2001లో మొదలైంది. పురుగులు తినడం, పాముల మధ్య పడుకోవడం, ఎత్తుల్లో వేలాడటం, చివరికి మిగిలినవాళ్ళకి డబ్బు. 2006లో ఆపారు, 2011లో మళ్ళీ తెచ్చారు. అప్పుడు ఒక ఎపిసోడ్‌లో పోటీదారుల చేత తాగించినదేమిటో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. గొడవైతే అక్కడి ఛానలే దాన్ని ప్రసారం చేయకుండా ఆపేసింది. 2017లో ఇంకోసారి తెచ్చారు. ఇప్పుడు 2026 జనవరిలో మరోసారి. మన దేశంలోనూ 2008 నుంచి హిందీలో ‘ఖత్రోం కే ఖిలాడీ’ పేరుతో నడుస్తూనే ఉంది.

"వాళ్ళకి తాళ్ళుంటాయి, పక్కన డాక్టర్లుంటారు, అందరూ పెద్దవాళ్ళు, ఇష్టపడే వెళ్తారు. నీకేంటి బాధ?" అన్నారు మా ఆయన. నిజమే. కానీ మా పిట్టగోడకి తాడు లేదండీ. అయినా నా అసలు కోపం ఆ సాహసాల మీద కాదు. ఆ ఆటలో "నా వల్ల కాదు" అన్నవాడు ఓడిపోయినట్టే, ఇంటికి పోవాల్సిందే. బొద్దింకను నమిలినవాడు వీరుడు, "ఛీ, నేను తినను" అన్నవాడు పిరికివాడు. కొరివితో తల గోక్కోనన్నవాడికి తెలివి ఉందంటాం గానీ భయమంటామా?

ఈసారి ఆ షో నడిపిస్తున్నది జానీ నాక్స్‌విల్. ‘జాకాస్’లో ఒళ్ళు విరగ్గొట్టుకుని పేరు తెచ్చుకున్న మనిషి. 2022లో వచ్చిన ‘జాకాస్’ సినిమా షూటింగులో ఎద్దు కుమ్మి, పక్కటెముక విరిగి, మెదడులో రక్తస్రావం అయింది. ఇక తలకి దెబ్బ తగిలే పనులు చేయనని ఆయనే చెప్పాడు. ఆయన "వద్దు" అంటే వివేకం. అదే మాట ఆయన షోలో అన్నవాళ్ళకి మాత్రం ఓటమి!

మళ్ళీ మా డాబా మీదికి వస్తాను. ఆ రోజు అక్కడ మూడో మనిషి కూడా ఉంది. చెల్లెలి చిన్న కూతురు, ఎనిమిదేళ్ళది. అన్నలిద్దరూ "ఎక్కవే, ఎక్కవే" అని ఎంత ఎగతాళి చేసినా "నేను ఎక్కను" అని నీళ్ళ ట్యాంకు పక్కన చేతులు కట్టుకుని నిలబడిందట. నలుగురూ నవ్వుతుంటే "వద్దు" అనడం మనలో ఎంతమందికి చేతనైంది చెప్పండి? నాకైతే నలభై దాటాక కూడా సరిగ్గా రాలేదు.

ఆ సాయంత్రం అందరి ముందూ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మా ఇంట్లో ధైర్యం దీనిదేరా" అన్నాను. మావాడు తల దించుకున్నాడు. మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఉంటే, ఆ మాట ఇవాళే చెప్పండి. టీవీ ఎలాగూ చెప్పదు.