ఒకే కడుపున పుట్టినా...

ఉప్మాక వెంకన్న కల్యాణం చూచి ఇల్లు చేరిన కుటుంబమొకటి ఉన్నదనుకోండి. అందరూ ఒకే బస్సులో వెళ్ళారు, ఒకే ప్రసాదం తిన్నారు. మర్నాడు పిల్లవాడికి పడిశం, జ్వరం. చెల్లెలికి తుమ్మైనా లేదు! "అది మా అమ్మ పోలికండీ, గట్టి పిండం!" అంటుంది ఇల్లాలు. "పోలికా కాదు, పాడూ కాదు. మట్టిలో ఆడి రాటుదేలింది" అంటాడు ఇంటాయన. ఎవరి మాట సబబు? ఇద్దరిదీ కొంత కొంత సబబే.

రోగక్రిములను పట్టుకొనేందుకు మన నెత్తుటిలోని బి-కణాలు తయారుచేసే పదార్థాలు ప్రతిరక్షకాలు. డాక్టర్లు యాంటీబాడీలంటారు. క్రిములా, లెక్కలేనన్ని రకాలు. మనిషికున్న జన్యువులో, మొత్తం ఇరవై వేల చిల్లర. మరి ఇన్ని రకాల ప్రతిరక్షకాలు ఎక్కడినుంచి వస్తున్నవి? ఈ చిక్కుముడిని 1976లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో పనిచేస్తూ విప్పినవాడు జపాను శాస్త్రజ్ఞుడు సుసుము తొనెగావా. 1987లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

సంగతేమిటంటే, మన అవ్వలు బొంత కుట్టే పద్ధతే! మన 14వ క్రోమోసోము మీద మూడు మూటలున్నవి. ఒకదానిలో పనికివచ్చే ముక్కలు సుమారు 40, రెండవదానిలో 23, మూడవదానిలో 6. ప్రతి బి-కణమూ మూటకొక ముక్క తీసి అతుకుతుంది. అంటే దాదాపు 5,500 రకాలు. దీనికి జతపడే మరో భాగం సుమారు 300 రకాలు. రెండూ గుణిస్తే పదిహేను లక్షలు దాటినవి! పైగా అతుకుల దగ్గర కొత్త అక్షరాలు చేరుతవి. క్రిమి ఎదురుపడ్డాక ఆ కుట్టును కణం ఇంకా సవరించుకుంటుంది.

మూటలు తల్లిదండ్రులిచ్చినవి. అవి అందరికీ ఒకటి కావు. కొందరికి ఒక ముక్క ఉండనే ఉండదు, కొందరికి రెండేసి ఉంటవి. ఫ్లూ జ్వరంతో పోరాడే ప్రతిరక్షకాలలో తరచు కనిపించే 1-69 అనే ముక్క సంగతీ ఇంతే. మరి మన తెలుగువారి మూటల్లో ఏమున్నదో? 2015లో ముగిసిన "వేయి జన్యుపటాల" ప్రణాళికలో 26 సముదాయాలకు చెందిన 2,504 మందిని పరీక్షించారు. అందులో బ్రిటనులో నివసించే తెలుగువారు 102 మంది. సంతోషమే! కాని అక్కడ నిలవచేసి చదివినవి చాలావరకు బి-కణాలే. వాటిలో ముక్కల కత్తిరింపు అప్పటికే అయిపోయినది. బొంత కుట్టేశాక మూటలో ముక్కలెన్నో లెక్కించబోతే ఏం తేలుతుంది? టీకాలు తయారుచేసేవారికి అన్ని జాతుల మూటలూ తెలియాలి. కనుక మనవారి లెక్క మళ్ళీ శుభ్రంగా తీయవలసిందే.

ఇక ఇంటాయన వాదం. 2015లోనే అమెరికాలో 210 మంది కవలలను పరీక్షించారు. రోగనిరోధకానికి సంబంధించిన 204 కొలతలలో నూటికి 77 వంతులు పుట్టుకకంటె బ్రతుకును బట్టే ఎక్కువగా మారినవి. ఫ్లూ టీకాకు పుట్టే ప్రతిరక్షకాలలో వంశప్రభావం కనిపించనే లేదు.

బ్రతుకు ఇచ్చేదే కాదు, దోచుకొనేదీ ఉన్నది సుమండీ! తట్టు సంగతి చూడండి. హాలెండులో టీకా వేయించుకోని 77 మంది పిల్లలకు తట్టు వచ్చి తగ్గాక పరీక్షిస్తే, అంతకుముందు ఇతర రోగాలపై సంపాదించుకున్న ప్రతిరక్షకాలలో నూటికి 11 మొదలు 73 వంతులదాకా మాయమైనవని 2019లో ప్రకటించారు. ఒక్క జబ్బు వచ్చి పాత జ్ఞాపకాలలో కొంత భాగాన్ని తుడిచిపెట్టినదన్నమాట.

కనుక "మా వంశం గట్టిది, టీకాలెందుకు?" అనే తల్లులకు ఒక్క మనవి. అమ్మమ్మ ఇచ్చింది ముక్కల మూట మాత్రమే. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్య మరొకసారి వేయించాలి. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలో కానీ ఖర్చు లేదు. పిల్లల టీకా కార్డు బీరువాలో ఎక్కడున్నదో ఈ పూటే వెతకండి. రెండవ గడి ఖాళీగా ఉంటే, రేపే బయలుదేరండి.