మా బండి వెనక ఏం రాసుకోవాలి?

మా చిచ్చా కొడుకు ఆటో కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌ది. కిస్తీలు, పర్మిటు, ఫిట్‌నెస్సు అన్నీ తనే చూసుకున్నాడు. ఒక్క దగ్గర ఆగిపోయి మా దగ్గరికొచ్చాడు. 'భాయ్, వెనక ఏం అంటిద్దాం?'

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుంటారు మీరు. బండి కొంటే మీరు గుడికి తీసుకుపోతారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు, తిరునామమో అభిమాన హీరో బొమ్మో అంటిస్తారు. రెండు నిమిషాల పని. దానికే మా ఇంట్లో వారం రోజులు పంచాయితీ నడిచింది. వాడి అమ్మ 'యా గౌస్' ఉండాల్సిందేనన్నది. ఏటా జమాత్‌లో తిరిగొచ్చే తమ్ముడు అల్లాని తప్ప ఇంకెవర్ని పిలిచినా గునా అన్నాడు. 786 కూడా కుదరదన్నాడు, ఖురాన్‌లో లేదు కాబట్టి. వాడి భార్య మాత్రం అసలేమీ వద్దన్నది.

ఆమె వద్దనడానికి కారణం ఉంది. ఇంతకుముందు వాడు కిరాయి ఆటో నడిపేవాడు. దాని వెనక పచ్చ రంగులో 786 ఉండేది. ఒక రాత్రి చౌరస్తాలో నలుగురు కుర్రాళ్లు ఆపారు. వెనక్కి వెళ్లి చూశారు. ముందుకొచ్చి పేరు అడిగారు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ఎందుకడిగారని వాడూ అడగలేదు. తెల్లారి కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది ఆ స్టిక్కర్ పీకేశాడు. పీకింది బయట పారేయడానికి చేతులు రాలేదు. బిస్మిల్లా కదా! అబ్జద్ లెక్కలో బిస్మిల్లా అక్షరాలన్నీ కూడితే వచ్చే సంఖ్యే 786. ఆమె దాన్ని కాగితంలో చుట్టి తాక్‌లో దాచింది. బండి మీద మాత్రం 786 పోలేదు. ఎండకు చుట్టూ రంగు వెలిసింది, స్టిక్కర్ కింద వెలవలేదు. పీకిన చోట మూడంకెలూ ముదురు పసుపులో ఇంకా స్పష్టంగా తేలాయి.

ఈ 786 నిన్నటిదాకా అందరిదీ. 1975లో 'దీవార్' సినిమాలో అమితాబ్ వేసిన పాత్ర విజయ్ ముస్లిం కాదు. అతని జేబులో 786 బిళ్లని దేశమంతా చూసింది. ఆ అంకె ఉన్న నోటు దొరికితే పర్సులో దాచుకునే హిందూ మిత్రులు ఇప్పటికీ ఉన్నారు. పర్సులో ఉంటే అదృష్టం, మా ఆటో మీద ఉంటే అనుమానం!

రేడియం దుకాణానికి పోయాం. అందులో రేడియమేం ఉండదు, వెలుగు పడితే మెరిసే షీటుకి మనం పెట్టుకున్న పేరది. దుకాణదారు సాయబే. మేం పోయేసరికి ఆయన మిషన్ మీద హనుమంతుడి ముఖం కట్ అవుతున్నది. కాసరగోడ్‌కు చెందిన కరణ్ ఆచార్య అనే చిత్రకారుడు 2015లో గీసిన ముఖం. ఊరి కుర్రాళ్లు జెండాకి కావాలంటే గీశాడు. అది బెంగుళూరు దాటి, హైదరాబాద్ దాటి దేశంలోని కార్ల వెనకద్దాల మీదికి ఎక్కింది. 2018లో మంగుళూరు సభలో ప్రధానమంత్రి ఆ కళాకారుణ్ని మెచ్చుకున్నారు. ఆ బొమ్మ మీద మాకు పేచీ లేదు. దాన్ని కోసి, సూదితో పోగులు తీసి, బుడగ రాకుండా అంటిస్తున్న చేతులు మావే. ఆ చేతులకి అది రోజు కూలి. మా పేచీ ఇది: అక్కడ కోపంగా చూసే ముఖం 'స్టయిల్' అవుతుంది, ఇక్కడ పచ్చటి మూడంకెలు 'కట్టర్‌పన్' అవుతాయి. ఈ నిఘంటువు ఎవరు రాశారు?

2025 సెప్టెంబర్‌లో కాన్పూర్‌లో మీలాద్ ఊరేగింపు దారిలో 'ఐ లవ్ ముహమ్మద్' అని లైటు బోర్డు పెడితే గొడవైంది, కేసైంది. ఆ మాటలకి కాదు, కొత్త ఆనవాయితీ మొదలుపెట్టినందుకు అన్నారు పోలీసులు. ప్రేమించడం మాకు కొత్త ఆనవాయితీయా?

చట్టం మాకు తెలియక కాదు. నంబర్ ప్లేటు మీద నంబరు తప్ప ఇంకే రాతా ఉండకూడదు. ఒప్పుకుంటాం. 2012లో సుప్రీంకోర్టు కారద్దాలకు నల్ల ఫిల్ములు వద్దంది. అదీ ఒప్పుకుంటాం. చౌరస్తాలో ఆపి పేరడిగిన కుర్రాళ్లు ఏ రూలు ప్రకారం అడిగారో అదొక్కటి చెప్పండి.

ఇక మా సెక్యులర్ మిత్రులు. 'అసలు మతం బొమ్మలే ఎందుకండీ, ఖాళీగా ఉంచుకోండి' అంటారు. ఎంత తేలికైన సలహా! మీ బండి మీది పసుపు బొట్టు, అద్దానికి వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ మీ కంటికి మతంగా కనిపించవు. అవి 'మన సంప్రదాయం'. మతం మాది కనిపించినప్పుడే మొదలవుతుంది. ఖాళీగా ఉంచుకోవడం మీకు ఆదర్శం. మా చిచ్చా కోడలికి అది భయం. రెండింటినీ ఒకటే అనకండి.

మా ఇంటి మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. దుకాణంలో రెడీమేడ్ షీట్లు తిప్పుతుంటే మక్కా, మదీనా, బగ్దాద్, అజ్మీర్ అన్నీ ఉన్నాయి. మా వాడు ఒక్కటీ చదవలేకపోయాడు. వాడు చదివింది తెలుగు మీడియం. మా పల్లెల సాయబుల్లో ఎంతమందికి ఉర్దూ చదవొచ్చు? తమకే చదవరాని అక్షరాన్ని బండికి అంటించుకుంటున్నారు. మీకూ చదవరాదు, అందుకే మీరు ఉలిక్కిపడుతున్నారు. ఆ అక్షరం దగ్గర ఇద్దరమూ నిరక్షరాస్యులమే!

'మాది జాన్‌పహాడ్ దర్గా కదా, అది ఉందా?' అని అడిగాడు వాడు. సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో ఉంది ఆ దర్గా. ఏటా జనవరిలో ఉర్సుకి వచ్చేవాళ్లలో హిందువులూ బాగా ఉంటారు. పిల్లలకి సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. రెడీమేడ్‌గా లేదన్నాడు దుకాణదారు. చేసిస్తానన్నాడు. ఉర్దూలోనా, తెలుగులోనా? మేమిద్దరం ఒకేసారి 'తెలుగులో' అన్నాం. మీకు భయం పోవాలని కాదు. మీ కోసం మా భక్తిని తర్జుమా చేసుకోవాల్సిన గతి మాకు లేదు. అది మా భాష కాబట్టి. దర్గా ముందు మా నానీ మొక్కుకున్నది తెలుగులోనే కాబట్టి.

పైన అమ్మ కోసం 'యా గౌస్', ఉర్దూలో. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు, తిప్పుకోనీ. కింద తెలుగులో 'జాన్‌పహాడ్ సైదులు'.

బంపర్ మీద వద్దన్నాం, పవిత్రమైన పేర్ల మీద బురద చిమ్ముతుంది. టాపు రెగ్జిన్ మీద అంటుకోదు. వెనక రేకు పైభాగం ఎంచుకున్నాం. దుకాణదారు సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ కాస్త సబ్బునీళ్లు చల్లాడు. అక్షరాలు పరిచి, నడుమ నుంచి అంచులకు ప్లాస్టిక్ రేకుతో నీళ్లు నెట్టుకుంటూ వచ్చాడు. ఉర్దూ అంటించడంలో అసలు కష్టం నుక్తాలది. 'యా గౌస్'లోనే ఆరు చుక్కలు. గైన్ మీది చుక్క ఒక్కటి ఊడితే అది ఐన్ అయిపోతుంది, మాటకి అర్థమే ఉండదు. సరిగ్గా ఆ చుక్కే పైకాగితంతో పాటు లేచొచ్చింది. ఆయన సూది మొనతో దాన్ని పట్టి, ఊపిరి బిగబట్టి తెచ్చి దాని చోట పెట్టాడు. రేపటిదాకా బండి కడగొద్దన్నాడు.

ఇంటికి తెచ్చాం. వాడి భార్య కొంగు తలమీదికి లాక్కుంటూ బయటికొచ్చి బండి చుట్టూ తిరిగింది. కింది వరుస పైకే చదివింది. పై వరుస ఏమిటని మమ్మల్నడిగింది. చదివి చెప్పాం.