దేవుడికి పెళ్లి, ఊరికి హక్కు

శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడి దగ్గర రెండు పెళ్లిళ్లు జరుగుతాయి. వేదిక మీద సీతారాములది ఒకటి. కింద జనంలో శివపార్వతులది ఇంకొకటి. జోగినులు, హిజ్రాలు త్రిశూలాలు పట్టుకుని, జోలెలు వేసుకుని వస్తారు. రాముడు సీతకు తాళి కట్టే వేళకే వీళ్లు ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి పెళ్లాడతారు. ప్రతి ఏడూ టీవీలు దీన్ని వింత ఆచారమని చూపించి, మర్నాటికి మరిచిపోతాయి.

మాకైతే అందులో వింతేమీ లేదు. ఆ గుంపులో రెండు రకాల బతుకులున్నాయి. ఇంట్లోంచి వెళ్లగొట్టబడిన హిజ్రాకు రాజన్న తాళి ఒక ఆసరా. పదిమందిలో తలెత్తి నిలబడటానికి ఒక పేరు. ఆ తాళిని ఆమె కోరి కట్టుకుంది. పక్కనే ఉన్న మాదిగవాడ ఆడమనిషికి మాత్రం ఊహ తెలియని వయసులో ఎవరో మొక్కిన మొక్కే తాళి అయింది. దేవుడొక్కడే, పసుపుతాడొక్కటే. లైంగిక నీతిని మతం చెప్పాలా, చట్టం చెప్పాలా అని హైదరాబాద్ స్టూడియోల్లో వాదించుకునేవాళ్లు ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మాట్లాడితే బాగుంటుంది.

ఎందుకంటే చట్టం చేతులు కూడా శుభ్రంగా లేవు. నిజాం కాలంలో, 1919లో చేసిన ఒక చట్టం ప్రకారం ఆడబట్టల్లో కనిపించిన హిజ్రాను పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండుగా చీలింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే నూరేళ్లకు పైగా, వేములవాడలో దేవుడి భార్యగా నిలబడిన మనిషి గుడి గేటు దాటితే చట్టం లెక్కలో నేరస్తురాలు.

ఇక జోగిని సంగతి. కరీంనగర్ వైపు పార్వతి అన్నా, నిజామాబాద్, మహబూబ్‌నగర్‌లలో జోగిని అన్నా, అనంతపురంలో బసివి అన్నా, చిత్తూరులో మాతమ్మ అన్నా పని ఒకటే. పిల్ల జుట్టు జడలు కట్టిందనో, ఇంట్లో రోగం తగ్గలేదనో, మగపిల్లాడు లేడనో ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేస్తారు. పెద్దమనిషయ్యాక మొదటి హక్కు దొరది, లేదా పటేలుది. ఆ తర్వాత ఊరందరిది. జాతరలో ఆడాలి, ఊళ్లో పెద్దకులపోడు చస్తే శవం ముందు ఆడాలి. అమ్మవారు దొరల ఇళ్లలో పిల్లలను ఎన్నడూ అడగలేదు. ఆమె కన్ను ఎప్పుడూ మాల, మాదిగ ఇళ్ల మీదే పడింది.

దీన్ని మూఢనమ్మకం అని సరిపెట్టడం మాకు ఒప్పుదల కాదు. అదే ఊళ్లల్ల దేవుడి పేరెత్తకుండానే అదే పని జరిగింది. దొర బిడ్డకు పెళ్లయితే పెట్టె, మంచం, పాడిబర్రెతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా అత్తగారింటికి పంపేవాళ్లు. ఆడబాప అనేవాళ్లు. పగలు చాకిరి, రాత్రి దొర ఇష్టం. ఆమెకు తాళి లేదు, మొక్కు లేదు, మంత్రం లేదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పూర్తిగా లౌకిక వ్యవస్థ. జోగినికి గుడి ఉంది, ఆడబాపకు గడీ ఉంది. రెండింటి వెనకా ఉన్న భూమి పట్టా ఒకరి పేరు మీదే ఉంది.

కాబట్టే 1978లో జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆ సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్రకు కూలీలు, రైతులు వేలుగా కదిలారు. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టి చేయం, పాలేర్ల జీతం పెంచండి, బంచరు భూములు ఇవ్వండి అన్నారు. ఆ జాబితాలో లైంగిక నీతి అనే మాట లేదు. కానీ వెట్టి ఆగిన ఊళ్లో దొర కబురుకు వాడ నుంచి ఆడమనిషి వెళ్లడం కూడా ఆగింది. నీతిబోధ వినో, సెక్షన్ చదివో దొరలు మారలేదు. పిలిస్తే వచ్చేవాళ్లు లేకుండా పోయారు.

అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లి అని తేల్చాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం అనేవి ఆ కట్టు జారిపోకుండా పెట్టిన కాపలా అని చూపించాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లే. పైకులం ఆడమనిషిని గడప లోపల బంధించిన ఆ నీతికి మరో కొస మన వాడలో ఉందని మేమంటాం. ఆమె పాతివ్రత్యం ఎంత గట్టిగా కాపలా కాస్తే, ఈమె ఒళ్లు అంత తేలిగ్గా ఊరి ఉమ్మడి సొత్తు అయింది. ఒకామెకు తాళి గోడ, ఇంకొకామెకు తాళి తెరిచిన తలుపు.

చట్టం ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. దేవదాసీలను గుడికి అంకితం చేయకూడదని మద్రాసు రాష్ట్రం 1947లోనే చట్టం చేసింది. అది నిజాం ఏలుబడిలో ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్‌లకు వర్తించలేదు. ఆదిహిందూ ఉద్యమంలో భాగ్యరెడ్డివర్మ ఈ దురాచారం మీద హైదరాబాద్‌లో చాలా ముందే గొంతెత్తాడు. అయినా రాష్ట్రమంతటికీ వర్తించే నిషేధ చట్టం కోసం 1988 దాకా ఆగాల్సి వచ్చింది. దాని వెనక హేమలతా లవణం కష్టం ఉంది. గుర్రం జాషువా బిడ్డ, నాస్తిక నాయకుడు గోరా కోడలు. నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్యే ఉండి పనిచేసింది. దేవుణ్ణి నమ్మని మనిషి దేవుడి భార్యల దగ్గరికి వెళ్లి వాళ్ల మాట వింది. అందరూ ఉపదేశం చెప్పిన చోట వినడమే పెద్ద పని.

చట్టం వచ్చింది, జోగిని పోలేదు. జస్టిస్ రఘునాథరావు కమిషన్ రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు 80 వేల మంది ఉన్నారని చెప్పింది. 2022లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ లెక్కనే ఎత్తిచూపి ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది.

సంస్కర్తల మీద మాకొక ఫిర్యాదు ఉంది. జోగిని అనగానే చాలామందికి తోచే పరిష్కారం ఆమెకు ఒక మొగుణ్ణి చూడటం. దేవుడితో పెళ్లి తప్పన్నవాళ్లే మనిషితో పెళ్లయితే తప్ప ఆమెకు గౌరవం రాదంటారు. ఎకరం భూమి, ఇల్లు, పెన్షన్, పిల్లల చదువు తర్వాతి మాట. చర్చిలో కూడా ఇదే చూశాం. మా అవ్వల తరంలో క్రైస్తవంలోకి పోవడం వల్ల ఎందరో ఆడపిల్లలు మొక్కు నుంచి బయటపడ్డారు, ఆ మేలు మరువలేం. కానీ సంఘ క్రమశిక్షణ పేరుతో తప్పు ఒప్పుకోమని నిలబెట్టినప్పుడు ఎక్కువగా నిలబడింది ఆడవాళ్లే. మహారాష్ట్ర సరిహద్దున ఆదిలాబాద్ బౌద్ధ కుటుంబాల్లో పఠించే పంచశీలలోని మూడో శీలం ఆడకూ మగకూ ఒకే మాట చెబుతుంది, కులం అడగదు. అలాంటిది పాటించడానికి పెద్ద గుడి అక్కర్లేదు, ఇంట్లో మగవాడు పాటిస్తే చాలు. పాటిస్తున్నాడా అన్నది ఇళ్లల్లో ఆడవాళ్లనే అడగాలి.

ఇక కులం దాటి ప్రేమించినవాళ్ల సంగతి. 2017 మార్చిలో మంథని ప్రాంతంలో ఒక దళిత యువకుడు చనిపోయాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. పైకులం అమ్మాయిని ప్రేమించినందుకు చంపారని కుటుంబం, దళిత సంఘాలు అన్నాయి. హైకోర్టు రీపోస్టుమార్టం చేయించాల్సి వచ్చింది. మరుసటి ఏడు మిర్యాలగూడ హత్య దేశమంతా చూసింది. ఇలాంటి జంటకు లౌకిక చట్టం చూపే దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని కింద పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనబడేలా అంటించాలి. ప్రాణభయంతో పారిపోయిన పిల్లల పేర్లు, ఊర్లు గోడ మీద నెలరోజులు ఉంటాయి. అందుకే వాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు వదిలి ఆర్యసమాజ్ మందిరానికి పరుగెత్తుతారు. హోమం ముందు గంటలో పెళ్లయిపోతుంది. మత పద్ధతి దాచిపెట్టి కాపాడుతుంటే, లౌకిక పద్ధతి ఊరికి చాటింపు వేస్తోంది. 2025 జనవరిలో ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి తెచ్చి సహజీవనం చేసే జంటలు కూడా నమోదు చేసుకోవాలంది. 21 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రులకు కబురు పెట్టాలంది. దాన్ని లౌకికవాద విజయమని మెచ్చుకునేవాళ్లు ఆ కబురు మంథనిలో ఏ ఇంటికి చేరుతుందో ఆలోచించాలి.

కోర్టులు మనువు నీడ నుంచి బయటపడ్డాయా? జగిత్యాలలో జనం కదిలిన ఆ 1978 సెప్టెంబర్‌లోనే సుప్రీంకోర్టు మథుర కేసు తీర్పు చెప్పింది. ఆదిలాబాద్ పక్క జిల్లా చంద్రపూర్‌లో పోలీస్ స్టేషన్ లోపల అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక ఆమె. ఒంటి మీద దెబ్బలు లేవు, ప్రతిఘటన లేదు అని పోలీసులను వదిలేసింది. గుడి ఇచ్చిన ముద్రకూ, ఆ తీర్పు ఇచ్చిన ముద్రకూ తేడా మాకు కనిపించదు. దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కితే 1983లో చట్టం మారింది.

అందుకే 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్టం సవరణ మాకు ముఖ్యం. దళిత, ఆదివాసీ స్త్రీని దేవదాసిగా, జోగినిగా అంకితం చేయడం, దాన్ని ప్రోత్సహించడం అట్రాసిటీ నేరమే అని అందులో తేటగా రాశారు. ఆమెను లైంగికంగా తాకడం గురించి చెప్పిన చోట ఒక వివరణ చేర్చారు. ఎదురుతిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు. ఆమె గతం, చివరికి నిందితుడితోనే ఉన్న గతం కూడా సమ్మతి కిందికి రాదు. జోగినిని ఎవరు తాకినా తప్పు లేదన్న ఊరి నీతికి ఇంత సూటి జవాబు ఏ మతగ్రంథంలోనూ మాకు కనిపించలేదు. మథుర కేసులో ఈ మాటలు ఉండి ఉంటే ఆ పిల్ల గతి వేరుగా ఉండేది.

రాసింది ఒకటి, అమలు ఒకటి. 2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకుని బతికే దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపారు. మూడు రోజుల తర్వాత హైదరాబాద్ శివార్లలో దిశ ఘటన జరిగింది. రాష్ట్రం ఏ పేరు చెప్పి కొవ్వొత్తులు వెలిగించిందో అందరికీ తెలుసు. సమత అనే పేరు పెట్టి లోకానికి చెప్పాల్సి వచ్చినదాకా ఆసిఫాబాద్ వైపు కెమెరాలు తిరగలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది. ఉరిశిక్ష మీద మాలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. విచారణ జరిగి, సాక్షులు మాట్లాడి, అట్రాసిటీ సెక్షన్లు కోర్టులో నిలబడటం మీద లేవు. దిశ కేసులో జరిగిన ఎన్‌కౌంటర్ కంటే అది మాకు కోటిరెట్లు మేలు.

అట్రాసిటీ నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉంటుంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి. రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల కమిటీల్లో ఉన్న మన సభ్యులను మేము అడిగేది ఇదే. వచ్చే సమావేశంలో జోగిని సెక్షన్ కింద మీ జిల్లాలో ఎన్ని కేసులు పెట్టారో అడగండి, జవాబు మినిట్స్‌లో రాయించండి. శ్రీరామనవమికి వేములవాడలో మంచినీళ్ల పందిరి, పోలీసు కంట్రోల్ రూం పెడతారు కదా. దాని పక్కనే ఒక టేబుల్ వేసి, తాళి కట్టుకోవడానికి వచ్చిన మైనర్ పిల్లలెందరో చూసే అధికారిని కూర్చోబెట్టమనండి. హిజ్రాలను మాత్రం ఆ టేబుల్ దగ్గరికి పిలవకండి, వాళ్ల పెళ్లి వాళ్ల ఇష్టం.